కడుపుతీపిలోని చేదు

మన భాషలో 'తల్లి' అను మాటకున్నన్ని చుట్టరికములు మరియొక మాటకు లేవు. నేలను తల్లి యందుము, ఏటిని తల్లి యందుము, ఊరి పొలిమేరను కాచు దేవతను తల్లి యందుము. చెట్టునకు తల్లివేరు గలదు. పసిబిడ్డను ముద్దు చేయునపుడు సైతము 'నా తల్లీ' అనియే పిలుతుము. చదువు ముగించి ఇంటికి మరలు శిష్యునకు తల్లిని దైవముగా చూడుమని తైత్తిరీయోపనిషత్తు బోధించినది. చెడ్డ బిడ్డ పుట్టవచ్చును గాని చెడ్డ తల్లి యుండదని మన పెద్దల నమ్మకము. ఇట్టి నమ్మకముగల జనుల సాహిత్యమున, కన్నకూతురిని బాధించు తల్లి ఏ ద్వారమున ప్రవేశింపవలెను? ప్రవేశించినపుడు రచయితలు ఆమెకు ఏ వేషము కట్టిరి? ఈ ప్రశ్నను నాలుగు రచనల ఆధారముతో పరిశీలింపవలెనని మా సంకల్పము. వానిలో నొకటి తెలుగు నాటకము; ఒకటి తమిళ నవల; ఒకటి ఆస్ట్రియా దేశపు నవల; నాలుగవది పుణె నగరమును రంగస్థలముగా చేసికొని ఆంగ్లమున వెలువడిన నవల.

ఉత్సవ సంచికలో ఇట్టి విషయము తగునా యని కొందరికి తోపవచ్చును. ఇంటిగుట్టు లంకకు చేటు అను సామెత మనకు కొత్తది కాదు. కాని గుట్టు దాచుట వలన చెడిన ఇండ్లు, గుట్టు విప్పుట వలన చెడిన ఇండ్లకంటె తక్కువ యని చెప్పుటకు వీలులేదు. ఒక యింటివారి పేరు చెప్పకయే అందరి యిండ్లలోని మాటను చెప్పుటకే కథలు పుట్టినవి. ఆ సౌకర్యమును మనము వాడుకొనవలెను.

సవతితల్లి చాటున

మన కథకులు తల్లి కాఠిన్యమును ఎరుగనివారు కారు. అయితే దానిని కన్నతల్లి మీద మోపుటకు జంకి, వేరొకతె మీదికి నెట్టిరి. రామాయణమున రాముని అడవికి పంపినది కన్నతల్లి కాదు, సవతితల్లి. పాత కథలలో పిల్లను మాడ్చునది సవతితల్లియే. తెలుగువా రింటింట ఎరిగిన 'గుండమ్మకథ' చిత్రమును చూడుడు. విజయా సంస్థ 1962లో విడుదల చేసిన ఈ చిత్రమునకు మూలము కన్నడమున విఠలాచార్య తీసిన 'మనె తుంబిద హెణ్ణు'. అందు గుండమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. సవతి కూతురు లక్ష్మి ఇంటి చాకిరి యంతయు చేయును. కన్నకూతురు సరోజ గారాబమున పెరుగును. సూర్యకాంతము నోటి దురుసునకు నవ్వి నవ్వి ప్రేక్షకులు ఒక సంగతిని గమనింపరు. కథ కాఠిన్యమును ఒక కూతురికి, మమతను ఒక కూతురికి పంచిపెట్టినది. లోకములో ఈ రెండును ఒకే కూతురికి ఒకే తల్లి చేత, ఒకే దినమున లభింపవచ్చును. ఉదయము జడ వేసి పూలు తురిమిన చేయియే సాయంకాలము అట్లకాడ ఎత్తవచ్చును. పిల్లకు బాధ కలుగునది ఆ రెంటి కలయిక వలననే. పంచిపెట్టుట వలన కథ సులభమైనది, సత్యము సగమైనది.

ఇక అత్తగారి మాట. మన నవలలలో, నాటకములలో, చిత్రములలో గయ్యాళి అత్త లేని కాలము లేదు. ఆమె అక్కరకు వచ్చునది కోడలి కథలో మాత్రమే కాదు. కూతురిని తిట్టు తల్లి, కొట్టు తల్లి, కడుపునిండ తిననీయని తల్లి చెప్పు సమాధాన మేమి? 'రేపు అత్తవారింట మా పెంపకమును అందురు' అని. ఆడపిల్ల అనగా 'ఆడ' పిల్లయేగాని 'ఈడ' పిల్ల కాదను మాట పుట్టింటనే మొదట వినబడును. ఎన్నడో రాబోవు అత్త పేరు చెప్పి, నేడే ఆమె పనిని తల్లి చేసిపెట్టును. ఈ విధముగా అత్త మన సాహిత్యమున తల్లికి కవచమైనది.

స్త్రీ వలన స్త్రీకి ఇంట కలుగు బాధను గుర్తించుటకు చట్టమునకు సైతము కాలము పట్టినది. గృహహింసను నివారించుటకు 2005లో వచ్చిన చట్టము, ఫిర్యాదును వయస్సు వచ్చిన మగవాని మీదనే ముఖ్యముగా నిలిపినది. ఆ పరిమితిని సుప్రీంకోర్టు 2016లో తొలగించినది. చట్టము తడబడిన చోట కథకులు జంకుటలో వింత లేదు. జంకక ముందుకు వచ్చిన వారిని ఇక చూతము.

లోభము: 'చింతామణి'

కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) రచించిన 'చింతామణి' నాటకము నూరేండ్లకు పైగా తెలుగునాట ఊరూర ఆడినది. లీలాశుకుని గాథ దీనికి ఆధారము. చింతామణి వేశ్య, బిల్వమంగళుడు ఆమె వలలో పడిన విద్యావంతుడు. ఆమె తల్లి శ్రీహరి. ఇంటికి వచ్చిన విటుల సొమ్ము ఎట్లు గుంజవలెనో కూతురికి నేర్పునది, కూతురి మనస్సు ఒకనియందు నిలిచినచో సహింపనిది, కూతురి యౌవనమును రొక్కముగా లెక్కించునది ఈ తల్లి. మా యెరుకలో తెలుగు రంగస్థలము మీద కన్నతల్లియే కూతురిని అంగడికెక్కించుట ఇంత బాహాటముగా కనబడిన నాటకము వేరొకటి లేదు.

అయినను ఈ ఘోరము ప్రేక్షకుని కంట నీరు తెప్పింపదు. కాలక్రమమున శ్రీహరి, సుబ్బిశెట్టి కలిసిన రంగములను సమాజములవారు తమ యిష్టము వచ్చినట్లు పెంచి, మోటు హాస్యమునకు నెలవు చేసిరి. తెల్లవార్లు జనము నవ్విరి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ నాటక ప్రదర్శనను నిషేధించినది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులమును కించపరచుచున్నదని వైశ్య సంఘములు చెప్పిన అభ్యంతరము దానికి కారణము. ఆ వివాద మంతయు సుబ్బిశెట్టి చుట్టును తిరిగినది. తల్లి చేత అమ్ముడుపోయిన కూతురి సంగతి అందు ప్రధాన విషయము కాలేదు. నవ్వు ఎంత దట్టమైన తెరయో దీనివలన తెలియును.

నాటకకర్త నుద్దేశించి మేము చెప్పదగిన ఆక్షేపణ యొకటి గలదు. శ్రీహరి లోభమును ఆయన ఆమె స్వభావముగా చూపెను గాని ఆమె జీవనమునకు ఆధారమేమని అడుగలేదు. కులవృత్తిగా నడచిన ఆ యిండ్లలో ముసలితల్లికి కూతురి సంపాదనయే పొలము, కూతురే పింఛను. శ్రీహరియు ఒకప్పుడు ఒక తల్లి చేతిలో చింతామణియే అయి యుండును. దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లో వచ్చునప్పటికి ఇట్టి తల్లులు ఎన్ని తరములు గడచిరో! నాటకము చివర చింతామణికి వైరాగ్యము కలుగును, బిల్వమంగళునకు భక్తి కుదురును. తల్లికి మాత్రము విచారణయు లేదు, విముక్తియు లేదు. కూతురు మోక్షమార్గమున తప్పించుకొనినది గాని, తల్లీకూతుళ్ల మధ్య తెగవలసిన లెక్క తెగలేదు.

భయము: జయకాంతన్ చూపిన ఇద్దరు తల్లులు

తమిళనాట స్థిరపడిన మనవారికి జయకాంతన్ పేరు పరిచితమే. ఆయన 1966లో 'ఆనంద వికటన్' పత్రికలో 'అగ్నిప్రవేశము' అను కథ ప్రకటించెను. వాన కురియు సాయంకాలము కళాశాల నుండి ఇల్లు చేరవలసిన పిల్ల, ఒక అపరిచితుని కారెక్కి చెరుపబడును. ఇంటికి వచ్చి తల్లితో చెప్పును. తల్లి మొదట తల్లడిల్లి, పిదప తేరుకొని, పిల్ల నెత్తిన నీళ్లు గుమ్మరించి, నీ మనస్సున మలినము లేదు గనుక నీవు శుద్ధురాలవని ధైర్యము చెప్పి, సంగతిని గడప దాటనీయదు. అప్పటి చదువరులలో దీనిమీద పెద్ద దుమారము రేగినది.

ఆ దుమారమునకు జయకాంతన్ ఇచ్చిన ప్రత్యుత్తరము ఒక నవల. అదియే 1970లో పుస్తకముగా వెలువడిన 'సిల నేరంగళిల్ సిల మనిదర్‌గళ్'. దానికి 1972లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. ఈ నవలలో అదే వాన, అదే కారు. కాని తల్లి వేరు. గంగ చెప్పిన మాట వినగానే తల్లి కనకమ్మ గొల్లుమని ఏడ్చును. ఆ యేడుపు ఇరుగుపొరుగు చెవినబడును. అన్న చెల్లెలిని ఇంటినుండి వెళ్లగొట్టును. మేనమామ చేరదీసి చదువు చెప్పించును గాని, ఆ యాశ్రయమునకు ఆయన దృష్టిలో వేరు వెల గలదు. గంగ పెద్ద ఉద్యోగిని యగును, ఒంటరి యగును. కొంత కాలమునకు ఒక రచయిత ప్రకటించిన కథ ఆ తల్లీకూతుళ్ల చేతికి వచ్చును. అందలి తల్లి కూతురి నెత్తిన నీళ్లు పోసినది. నేనును ఆనాడు ఇట్లు చేసియుంటినేని అని కనకమ్మ కుములును.

ఈ కల్పనలోని బలము గమనింపదగినది. ఇద్దరు తల్లులకును భేదము ఒక్క క్షణము, ఒక్క చెంబు నీళ్లు. కనకమ్మ దుష్టురాలు కాదు. భర్త పోయి, కొడుకు పంచన బ్రతుకుచున్న విధవ. ఆమె నోట వెలువడిన కేక కూతురి మీద కోపమున కాదు, లోకము మీది భయమున పుట్టినది. అయినను కూతురి బ్రతుకును తిప్పివేసినది కారులోని పురుషు డెంతయో ఆ కేకయు నంతయే. తల్లి దయగలది యగుటచేత ఆమె చేసిన హాని హాని కాకపోదని ఈ నవల చెప్పినంత సూటిగా చెప్పినవి అరుదు. 1977లో భీమ్‌సింగ్ దర్శకత్వమున ఇది చలనచిత్రమైనపుడు గంగ పాత్ర ధరించి జాతీయ బహుమానము పొందిన నటి లక్ష్మి, తెలుగు చిత్రసీమకు ఆద్యులలో నొకరైన వై.వి. రావుగారి కుమార్తె యని మనవారు సంతోషముతో చెప్పుకొందురు. సంతోషింపదగినదే. కాని ఆ పాత్ర మనల నడుగు ప్రశ్నను కూడ తలచుకొనినచో మేలు. మన యింటి పిల్ల తడిసి వచ్చి తలుపు తట్టినపుడు, మనము మొదట వినునది ఆమె మాటయా, పక్కింటివారి కిటికీ చప్పుడా?

మమకారము: వియన్నా నగరపు ఇల్లు

ఆస్ట్రియా రచయిత్రి ఎల్‌ఫ్రీడె యెలినెక్ 2004లో నోబెల్ బహుమానము నందినది. 1983లో వెలువడిన ఆమె నవల 'పియానో ఉపాధ్యాయిని'. నాయిక ఎరికా కొహుట్ వియన్నా సంగీత పాఠశాలలో పియానో నేర్పునది. వయస్సు నలుబదికి చేరువ. తల్లితో ఒకే ఇంట, ఒకే పడక మీద బ్రతుకుచున్నది. కూతురిని లోకప్రసిద్ధ వాద్యకారిణిని చేయవలెనని తల్లి పసితనము నుండి సాధన చేయించినది. ఆ కోరిక ఫలింపలేదు. కాని ఆ కాపలా మాత్రము సడలలేదు. కూతురు ఆలస్యముగా వచ్చినచో ఆరా తీయును, సంచి వెదకును, కొత్త గౌను కొనినచో కొత్తయింటికై కూడబెట్టు సొమ్ము పాడు చేసితివని రగడ చేయును. కూతురు తల్లి జుట్టు పట్టుకొని పెరుకును. మరు నిమిషమున ఇద్దరును ఏడ్చి ఏకమగుదురు.

ఇక్కడ లోభము లేదు, లోకభీతి కూడ ప్రధానము కాదు. ఉన్నది మమకారము, అనగా 'నాది' అను భావము. తల్లికి కూతురు తన శరీరములోని భాగమే గాని వేరొక మనిషి కాదు. కోరికలు బయటికి పోవు దారి లేక ఎరికా తన దేహమునే కోసికొనును. ఒక శిష్యునితో ఏర్పడిన సంబంధము కూడ హింసగా పరిణమించును. నవల చివర కత్తితో తన భుజమును తానే పొడుచుకొని ఇంటిదారి పట్టును. పారిపోవుటకు నగరమంతయు ఎదుట నున్నను ఆమె కాళ్లకు తెలిసిన త్రోవ తల్లి యింటి త్రోవయే. ఈ ముగింపు కఠినమైనది, న్యాయమైనది. 2001లో మైకేల్ హనెకె దీనిని చిత్రముగా తీసెను.

యెలినెక్ శైలి పరిహాసముతో కూడి, కొన్నిచోట్ల అసహ్యము కలిగించునంత తీవ్రముగా నుండును. పాఠకుని ఓదార్చుట ఆమెకు పనికాదు. ఇంటిల్లిపాదియు చదువదగిన గ్రంథ మని మేము చెప్పము. కాని పిల్లల చదువు, సంగీతము, నాట్యము మీద ఆశలు పెట్టుకొనిన తల్లులు అందలి మొదటి ప్రకరణము చదివి పుస్తకము మూసినను, కొంత లాభము కలుగును. పరాయిచోట స్థిరపడిన కుటుంబములలో పిల్ల గెలుపు ఇంటి గౌరవము మాత్రమే కాదు, వచ్చిన వలసకు సమర్థన కూడ. తాతలు ఊరు విడిచి వచ్చినందుకు మనుమరాలు బహుమానము తేవలెను. ఆ బరువు పిల్ల భుజమున ఎవరు పెట్టుదురు? తరచుగా ప్రేమతో, పాలగ్లాసుతో, తెల్లవారుజామున లేపు తల్లియే.

ఉపేక్ష: పుణె నగరపు తార, అంతర

నాలుగవ రచన ఇటీవలిది. అవని దోషీ వ్రాసిన ఆంగ్ల నవల మన దేశమున 2019లో 'గర్ల్ ఇన్ వైట్ కాటన్' అను పేరుతోను, 2020లో ఇంగ్లండున 'బర్న్‌ట్ షుగర్' అను పేరుతోను ప్రకటింపబడినది. ఆ యేటి బుకర్ బహుమానపు తుదిజాబితాలో చోటు సంపాదించినది. కథ పుణెలో జరుగును. తల్లి తార, కూతురు అంతర. తనవలె కారాదని, తారకు విరుద్ధముగా ఉండవలెనని కూతురికి ఆ పేరు పెట్టినది తల్లి. తార యౌవనమున భర్త యింటిని విడిచి, పసిపిల్లను వెంటబెట్టుకొని, తెల్లబట్టలు ధరించు ఒక ఆశ్రమమున చేరును. అక్కడి గురువు ఆకర్షణలో పడి పిల్లను మరచును. పిల్లను చూచునది కాళీమాత యను పేరుతో అక్కడ నివసించు విదేశీయురాలు. ఆశ్రమము విడిచిన పిదప తల్లి పిల్లతో వీథిన బిచ్చమెత్తి కొంత కాలము గడుపును.

సంవత్సరములు గడచినవి. కూతురికి పెండ్లి యైనది, చిత్రకారిణి యైనది. తల్లికి మతిమరపు వ్యాధి మొదలైనది. నవలకు ప్రాణము ఇచ్చటనే గలదు. తాను చేసిన అన్యాయమును తల్లి మరచిపోవుచున్నది; మరువలేని కూతురు ఆమెకు అన్నము పెట్టవలసియున్నది. నేరము చేసినవారికి జ్ఞాపకమే లేనపుడు క్షమాపణ ఎవరిని అడుగవలెను? కూతురు తల్లికి సేవ చేయును. తీపి ఆమె రోగమునకు హానియని ఎరిగియు తీపి తినిపించును. ఆ చేతిలో ప్రేమ ఎంత, పగ ఎంత యని తూచుట పాఠకునకు సాధ్యము కాదు. అంతలో అంతరకే ఒక ఆడపిల్ల పుట్టును. బాధితురాలు తల్లి యైనది; వరుస మొదటికి వచ్చినది.

కథ చెప్పునది కూతురే గనుక ఆమె పక్షమే మనకు వినబడును. కాని రచయిత్రి నేర్పుతో, చెప్పుచున్నదానిని పూర్తిగ నమ్మరాదని మెల్లమెల్లగా తెలియజేయును. న్యాయస్థానములో సాక్షి యనుకొన్న మనిషి ముద్దాయిగా మారుట వంటిది ఇది. లోపము లేకపోలేదు. తార ఇల్లు విడుచుటకు కారణమైన ఆనాటి సంసారపు ఊపిరాడనితనమును రచయిత్రి త్వరత్వరగా దాటిపోయినది. భర్త, అత్తలు, ఆశ్రమపు గురువు అందరును తప్పించుకొనగా, లెక్కలన్నియు తార పేరనే వ్రాయబడినవని చదువరికి తోచును. తల్లిని విచారించు కథ తండ్రిని సాక్షిగానైనను పిలువకున్నచో అది సగము విచారణయే.

నాలుగింటిని తూచినచో

లోభము, భయము, మమకారము, ఉపేక్ష: ఈ నాలుగును నాలుగు రచనలలో వేరువేరుగ కనబడినవి. వీనిలో ఏ తల్లియు పుట్టుకతో రాక్షసి కాదు. అట్లని నిరపరాధియు కాదు. ఇట్టి కథను తూచుటకు మాకు మూడు ప్రశ్నలు తోచుచున్నవి. తల్లి చేసిన హాని కథలో స్పష్టముగా కనబడుచున్నదా, లేక నవ్వుచేతనో భక్తిచేతనో కప్పబడినదా? ఆ హానికి వెనుకనున్న ఒత్తిడి చూపబడినదా? కూతురికి తన మాట తాను చెప్పుకొను నోరు ఇయ్యబడినదా? మొదటి ప్రశ్న దగ్గరనే 'చింతామణి' తడబడినది. యెలినెక్ మొదటిదానిని, మూడవదానిని గెలిచి, రెండవదానిని పరిహాసమునకు విడిచినది. దోషీ మూడవదానిలో మేటి, రెండవదానిలో కొరత. మూడింటికిని తృప్తికరమైన సమాధానమిచ్చినది జయకాంతన్ నవలయే యని మా యభిప్రాయము. కనకమ్మను ద్వేషింపలేము, క్షమించి ఊరకుండలేము. ఆ రెండు లేములకు నడుమ పాఠకుని నిలువబెట్టుటయే నవలాకారుని ఘనత.

మన తెలుగులో కూతురి పక్షమున నిలిచిన తల్లి లేకపోలేదు. గురజాడవారి 'కన్యాశుల్కము'లో సుబ్బిని ముసలివానికి కట్టబెట్టుటకు ఒప్పుకొనక నూతిలో దూకిన వెంకమ్మ అట్టిది. కాని ఆ తల్లికి కూడ చేతనున్న ఆయుధము తన ప్రాణమొక్కటే. కూతురిని రక్షింపవలెనన్నను చావవలసినంత నిస్సహాయతలో నున్న స్త్రీ, ఆ నిస్సహాయతనే ఒకనాడు కూతురి మీద చూపినచో ఆశ్చర్యమేమి? వెంకమ్మయు కనకమ్మయు ఒక వంశమువారే. ఒకతె నూతివైపు నడచినది, ఒకతె కేకవేసినది.

మన యింటి మాట

ఈ విషయము మనబోటి కుటుంబములకు మరియొక విధమున ముఖ్యమైనది. బెంగుళూరు, బళ్లారి, హోసూరు, మధుర, బరంపురము, పర్లాకిమిడి, షోలాపూరు మొదలగు చోట్ల మన పిల్లలకు అంగడి భాష వేరు, చాలమందికి బడి భాషయు వేరు. యానాములోవలె వీథియంతయు తెలుగు పలుకు భాగ్యము అందరికిని లేదు. కావున పెక్కు యిండ్లలో తెలుగు అనగా అమ్మ నోటి మాటయే. అక్షరములు రాకపోయినను పలుకు మిగిలినది తల్లుల వలననే. ఆ ఋణము తీరనిది. అందుచేతనే తల్లిని విమర్శించుట భాషకు, కులమర్యాదకు ద్రోహమువలె మనకు తోచును. తల్లి దొడ్డతనము ఎక్కువగా చెప్పబడు ఇంట కూతురు తన గోడు చెప్పుకొనుట మరింత కష్టము.

కాని ఆలోచింపుడు. స్నేహము కన్నడమున, చదువు ఆంగ్లమున, పాట తమిళమున, తిట్టు మాత్రము తెలుగున వినిన పిల్లకు తెలుగు ఏమగును? శాపనార్థములు, దెప్పిపొడుపులు, పక్కింటి పిల్లతో పోలికలు, 'నిన్ను కన్నందుకు' అని మొదలగు వాక్యములు: ఇవియే ఆమెకు తెలిసిన తెలుగైనచో, ఇల్లు విడిచిన నాడే ఆమె ఆ భాషనుండియు విడుదల పొందగోరును. తన బిడ్డతో వేరు భాష మాటాడును. దానిని మనము పరభాషా వ్యామోహ మని నిందింతుము. భాష నిలుపుటకు మనము తరగతులు పెట్టుచున్నాము, పోటీలు నడుపుచున్నాము, పద్యములు వల్లె వేయించుచున్నాము. ఇవన్నియు మంచివే. అయితే ఇంట ఆ భాషలో ఆడపిల్లతో ఏ మాటలు పలుకబడుచున్నవో అంతకన్న ముందు చూచుకొనవలసిన సంగతి.

ఇట్టి కథలు మన నడుమ నుండి రావలెను. రెండు భాషల మధ్య పెరిగిన కూతురు, పుట్టింటి ఊరు దూరమై పరాయి వీథిలో భయముతో పిల్లను పెంచిన తల్లి: ఇద్దరును మన యిండ్లలో నున్నారు. వారి తెలుగు కోస్తా తెలుగు కాకపోవచ్చును. అందు తమిళపు యాస, కన్నడపు మాట, ఒడియా పలుకుబడి కలిసియుండును. ఆ తెలుగుననే వ్రాయవలెను. తల్లి వ్రాసినచో తన భయమును వ్రాయవలెను; కూతురు వ్రాసినచో తన గాయముతోబాటు తన పగను కూడ దాచక వ్రాయవలెను. అచ్చునకు నోచుకొనక పోయినను, ఒకరు వ్రాసినదానిని మరియొకరు చదువుటకు ఒప్పుకొనినచో చాలును. కనకమ్మకు తన కేక ఎంత దూరము పోయినదో తెలిసినది పత్రికలో ఒక కథ చదివిన తరువాతనే. ఆమెకు ఆ కథ చాల ఆలస్యముగ అందినది. మన యిండ్లలోని తల్లులకు పిల్లలు ఇంకను గడప లోపల నుండగనే అట్టి కథలు అందవలెనని మా కోరిక.